ఆరేళ్ల ఒప్పందం

పోయిన వారం చెప్పిన కథలో, మా కాజ్ బావ పిడికిలి బల్ల మీద పడి, నా గ్లాసులో బీరంతా లియాన్ ఒళ్లోకి ఒలికిన దగ్గర ఆగాం. ఆ పిడికిలి ఎందుకు పడిందో మరిచిపోయినవాళ్లకి నాలుగు ముక్కల్లో చెబుతాను. మా బఫెలో పోర్టర్స్ బేస్‌బాల్ జట్టు మంగళవారం నాడు మైదానం దూరపు అంచున బంతులు పట్టే డెల్విన్ ఫ్రియాస్ అనే ఔట్‌ఫీల్డర్‌కి ఆరేళ్లకి నూట ముప్పై రెండు మిలియన్ డాలర్లు రాసిచ్చింది. ఈ ఫ్రియాస్ జూలైలో వేరే జట్టు నుంచి మా దగ్గరికి వచ్చి, రెండు నెలలు ఆడి, పాత ఒప్పందం తీరగానే ఫ్రీ ఏజెంట్‌గా బజార్లో నిలబడ్డ మనిషి. వయసు ముప్పై ఒకటి. ఆ డబ్బు దండగని బావ, కాదని నేను. అలా దండగ చేసే జట్టుకి తన చేతి మీదుగా ఒక్క డాలరు కూడా పోదనీ, ఇరవై ఏడేళ్లుగా స్టేడియంలో తన పేరు మీదున్న మా మూడు సీట్లనీ వదిలేస్తాననీ బావ ప్రకటించాడు. సీట్లు నిలబెట్టుకోవడానికి గడువు శుక్రవారం సాయంత్రం ఐదు గంటలు. ఇదే ఆ శుక్రవారం. బారు గోడ మీది గడియారం మూడు చూపిస్తోంది.

బయట సరస్సు మీంచి మంచు అడ్డంగా కొడుతోంది. లోపల వేయించిన చేప, బంగాళాదుంపల అట్లు, రై రొట్టె. లియాన్ కాగితపు రుమాళ్లతో ప్యాంటు తుడుచుకుంటున్నాడు తప్ప ఒక్క మాటా అనలేదు. లియాన్ ప్యాటిల్లో అనే ఈయన సరస్సు ఒడ్డున ఓట్స్ మిల్లులో నలభై ఏళ్లు పనిచేసినవాడు. ఆటలో మా ఇద్దరి మధ్య సీటు ఆయనది. ఆయన మధ్యలో లేకపోతే నేనూ బావా ఎప్పుడో కొట్టుకు చచ్చేవాళ్లం. ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా ఇటు గానీ అటు గానీ మొగ్గలేదు. ఎవరి నోట్లోనైనా నువ్వుగింజ నానదేమో గానీ, లియాన్ నోట్లో నానడమే కాదు, మొలకెత్తుతుంది కూడా.

"ముప్పై ఒకటి, మరదలా! ఆరేళ్లయ్యేసరికి ముప్పై ఏడు," అన్నాడు బావ, నా గ్లాసు నిలబెడుతూ. "మోకాళ్లు కిర్రుకిర్రుమంటుంటే వాడికి లెఫ్ట్ ఫీల్డ్‌లో కుర్చీ వేస్తారా?"

"కుర్చీలో కూర్చుని కొట్టినా మనవాళ్లలో సగం మంది కంటే ఎక్కువ కొడతాడు. ఇరవై నాలుగు హోమ్ రన్లు. ఎడమచేత్తో బంతి విసిరే పిచ్చర్లని ఉతికి ఆరేశాడు. ఇంకేం కావాలి బావా, వంట కూడా చేసిపెట్టాలా?"

"ముప్పై ఆరేళ్లు సిటీ బస్సులు బాగుచేశాను నేను. పన్నెండేళ్లు దాటిన బండికి కొత్త ఇంజను వేయించమని పై ఆఫీసు నుంచి ఎన్ని కాగితాలొచ్చినా ఒక్కదాని మీదా సంతకం పెట్టలేదు. పాత బండి పాత బండే."

"ఆ పాత బండ్లలోనే నేను ఆఫీసుకెళ్లి చచ్చాను. చలికాలంలో హీటరు ఒక్కదాంట్లోనూ పని చేసేది కాదు."

కౌంటర్ దగ్గర ఇద్దరు నవ్వారు. నాకు ఉత్సాహం వచ్చింది. నా గురించి నేనే చెప్పుకోకూడదు గానీ, కౌంటీ కోర్టులో ముప్పై నాలుగేళ్లు స్టెనోగ్రాఫర్‌గా కూర్చున్నదాన్ని. లాయర్లు అన్న ప్రతి ముక్కనీ రాసి రాసి, ఏ వాదన ఎక్కడ విరుగుతుందో నా వేళ్లకే తెలిసిపోతుంది. ఈ బెర్నీస్ మ్రోజెక్‌తో వాదనకి దిగి గెలిచినవాళ్లు ఈ పేటలో ఇద్దరే. ఒకరు మా అక్క ఐరీన్, ఇప్పుడు లేదు. రెండోవాడు మా నాన్న.

"అంకెలు నాకు చెప్పకు," అన్నాడు బావ. "ఆగస్టు ఇరవై మూడు గురించి చెప్పు."

ఆగస్టు ఇరవై మూడు! నాలుగు నెలలుగా వింటున్నాను ఈ మాట. 'ఆ రోజు వాడు పరిగెత్తలేదు' అంటాడు. అంతకు మించి చెప్పడు. నిజమే, ఆ రోజు మూడో ఇన్నింగ్స్‌లో ఫ్రియాస్ నేల మీద దొర్లే బంతి కొట్టి, ఎలాగూ ఔటేనని ఫస్ట్ బేస్ దాకా షికారుకెళ్లినట్టు నడిచాడు. నేనూ చూశాను. ఆ నడకకి నూట ముప్పై రెండు మిలియన్ల మనిషిని తీసిపారేస్తారా అని నా వాదన. ఈసారి దాన్ని తేల్చేద్దామనుకున్నాను.

"పుస్తకం తెచ్చావా?"

బావ కోటు లోపలి నుంచి ప్లాస్టిక్ సంచీ తీశాడు. మంచుకి తడవకుండా రెండు మడతలు చుట్టి తెచ్చాడు. నా పుస్తకం ఎప్పుడూ నా హ్యాండ్‌బ్యాగ్‌లోనే ఉంటుంది.

మా ఇంట్లో ఆట చూడ్డమంటే చేతిలో పెన్సిల్ పట్టుకుని చూడ్డమే. ప్రతి ఆటగాడికీ ఒక వరస, ప్రతి ఇన్నింగ్స్‌కీ ఒక గడి. మైదానంలో ఒక్కో చోటుకీ ఒక అంకె. లెఫ్ట్‌లో నిలబడేవాడు ఏడు, రైట్‌లో నిలబడేవాడు తొమ్మిది. బంతి ఎవరి దగ్గరికి వెళ్లిందో పేరు రాయం, అంకె రాస్తాం. ఇది అందరూ చేసేదే. మా నాన్న దీనికి రెండు చట్టాలు తగిలించాడు. ఒకరి పుస్తకం ఇంకొకరు ముట్టుకోకూడదు. చూడనిది రాయకూడదు. బాత్రూమ్‌కి వెళ్తే ఆ గడి ఖాళీగా ఉండాల్సిందే, పక్కవాడిని అడిగి నింపడం దొంగతనం. మా అక్క పుట్టిన రోజు నాన్న పుస్తకంలో నాలుగో ఇన్నింగ్స్ నుంచి అన్నీ ఖాళీ గడులే. అక్కని పెళ్లి చేసుకున్నప్పుడు బావకి నాన్న ఇచ్చిన కానుక ఒక స్కోరు పుస్తకం, ఈ రెండు చట్టాలూ. బావ వాటిని చర్చి మాట కంటే గట్టిగా పట్టుకున్నాడు. పత్రిక చదవడు. టీవీలో మళ్లీ మళ్లీ చూపించేవి చూడడు. 'నా పుస్తకం నాకుంది' అంటాడు.

"పందెం," అన్నాను. "రెండు పుస్తకాలూ పక్కపక్కన పెడదాం. ఫ్రియాస్ వల్లే ఆ ఆట పోయిందని రెండూ చెబితే నేను నోరు మూసుకుంటాను. చెప్పకపోతే నువ్వు ఐదులోపు ఫోన్ చేసి సీట్లు నిలబెట్టాలి. లియాన్ సాక్షి."

"నన్ను లాగకు చెల్లెమ్మా," అన్నాడు లియాన్. ఎందుకో ఆయన మొహం పాలిపోయింది. చేప ముల్లు గుచ్చుకుందేమో అనుకున్నాను.

బావ పుస్తకం తెరిచాడు. మూడో ఇన్నింగ్స్ దగ్గర ఆగలేదు. వేలు జరుగుతూ జరుగుతూ ఎనిమిది మీదికి పోయింది.

"విను. ఎనిమిదో ఇన్నింగ్స్. మూడు బేసుల మీదా వాళ్లే. ఇద్దరు ఔట్. మనం రెండు పరుగులు ముందున్నాం. బంతి లెఫ్ట్‌కి లేచింది. ఇదిగో, ఏడు. ఏడులో ఎవడు? ఫ్రియాస్. పరిగెత్తాడా? భోంచేసి పార్కులో తిరిగేవాడిలా వచ్చాడు. బంతి కాళ్ల ముందు పడి గోడ దాకా దొర్లింది. ముగ్గురూ హోమ్‌కి చేరి మూడు పరుగులు. ఓడిపోయాం. ఒక్క ఆట తేడాతో ఏడాదంతా మట్టిగొట్టుకుపోయింది. వాడికా ఆరేళ్లు?"

గెలుపు ఇంత తేలిగ్గా ఒళ్లో వచ్చి పడుతుందని అనుకోలేదు.

"అయితే నాలుగు నెలలుగా నువ్వు తిడుతున్నది దీనికా?"

"మరి దేనికనుకున్నావ్?"

నా పుస్తకం తిప్పి ఆయన ముందు పెట్టాను. ఎనిమిదో ఇన్నింగ్స్ మొదట్లో, పేర్ల పక్కన రెండు బాణాలు. ఫ్రియాస్ ఏడు నుంచి తొమ్మిదికి. కోడీ హాల్‌స్టెడ్ తొమ్మిది నుంచి ఏడుకి.

"ఎనిమిదిలో ఇద్దరి చోట్లూ మార్చారు బావా. ఫ్రియాస్ చెయ్యి బలమైనదని రైట్‌కి పంపారు. ఆ బంతి లెఫ్ట్‌కి వచ్చినప్పుడు అక్కడున్నది మీ కోడీ. పార్కులో తిరిగినట్టు వచ్చింది మీ కోడీ."

కోడీ హాల్‌స్టెడ్ ఇక్కడి పిల్లాడు, చెక్‌టవాగాలో పుట్టి పెరిగినవాడు. బడిలో ఆడేటప్పటి నుంచి బావ వాడిని చూస్తున్నాడు. వాడి ఫొటో బావ ఫ్రిజ్ మీద మా అక్క ఫొటో పక్కనుంటుంది.

బావ కళ్లద్దాలు తీసి తుడిచి మళ్లీ పెట్టుకున్నాడు. నా పుస్తకం చూశాడు. తన పుస్తకం చూశాడు. తర్వాత లియాన్ వైపు తిరిగాడు.

"లెఫ్ట్‌లో ఉన్నవాడు పరిగెత్తలేదనే కదరా నువ్వు నాకు చెప్పింది?"

"లెఫ్ట్‌లో ఉన్నవాడనే చెప్పాను కాజ్," అన్నాడు లియాన్ నెమ్మదిగా. "మార్చిన సంగతి నీకు తెలుసనుకున్నాను."

అప్పుడు నాలుక కరుచుకున్నారు ఇద్దరూ. కోర్టులో ఇలాంటి క్షణాలు చాలా చూశాను. సాక్షి తెలియకుండా ఒక మాట జారతాడు, ఆ తర్వాత గది గదంతా ఒక్క క్షణం ఆగిపోతుంది.

"లియాన్ నీకు చెప్పడమేంటి?" అన్నాను. "నువ్వు చూడలేదా?"

"మా బస్సు డిపో వాళ్లు కనబడ్డారని ఆ రోజే చెప్పాగా. పైన నిలబడి వాళ్లతో చూశాను."

"చూస్తే ఎవరో తెలియాలి."

"దూరం కదా."

"దూరంగా ఉంటే కోడీని గుర్తుపట్టవా నువ్వు? వాడు పుట్టినప్పుడు మంత్రసాని కంటే ముందు నువ్వే చూసినట్టు మాట్లాడతావు కదా!"

మొదటి చట్టం పక్కన పెట్టి ఆయన పుస్తకం నా వైపు లాక్కున్నాను. బావ అడ్డుపడలేదు. అదే వింత. ఒకటి నుంచి ఐదు ఇన్నింగ్స్ దాకా పెన్సిల్, కొట్టివేతలు, ఆవసాసు కారిన మరకలు. ఆరు, ఏడు, ఎనిమిది నీలం సిరా. ఒక్క కొట్టివేత లేదు, ఒక్క మరక లేదు. ఆట చూస్తూ రాసినవాడి చేతికి అంత శుభ్రం రాదు. ఇది ఇంట్లో, బల్ల ముందు, ఎవరో చెబుతుంటే ఒక్క పూటలో రాసింది.

"చూడనిది రాశావు," అన్నాను.

"రాశాను."

"నువ్వు!"

"నేనే. ఏం చెయ్యమంటావ్? ఖాళీ వదిలితే నువ్వు ఎందుకని అడుగుతావు." ఆయన మొహం ఎర్రబడింది. "సరే, ఓడిపోయాను. ఫ్రియాస్‌కి క్షమాపణ చెప్పుకుంటాను. మహారాజు, మోకాళ్లు బంగారం, ఇంకో నలభై మిలియన్లు ఎక్కువిచ్చినా తక్కువే. చాలా?"

అసలు అక్కడే నాకు అనుమానం రావాల్సింది. పట్టిన కుందేలుకి మూడే కాళ్లనే మనిషి, ఇంత తొందరగా నాలుగో కాలు ఒప్పుకున్నాడంటే దేన్నుంచో పారిపోతున్నాడన్నమాట. కానీ నేను గెలుపు మత్తులో ఉన్నాను. ఫోన్ ఆయన ముందుకి తోశాను.

"మాట మాటే. ఫోన్ చెయ్యి."

"తర్వాత చేస్తాను."

"ఐదింటికి మూసేస్తారు."

"చేప చల్లారిపోతోంది, తిను ముందు."

నేనే చేశాను. టికెట్ ఆఫీసులో ఒకావిడ తీసింది. కాజిమిర్ దుదెక్ పేరు, సెక్షన్, వరస చెప్పాను, ఆయన పక్కనే ఉన్నాడన్నాను. ఆవిడ కాసేపు వెతికి, "ఆ మూడు సీట్లూ వదులుకుంటున్నట్టు ఆయనే చెప్పారండీ, పోయిన గురువారం," అంది. "ఇంకా ఎవరికీ ఇవ్వలేదు. ఐదులోపు ఆయనే మాట్లాడి కావాలంటే తిరిగి రాస్తాం."

"పోయిన గురువారమా? నిన్న కాదూ?"

"నిన్న కాదండీ. ఎనిమిది రోజులైంది."

థాంక్స్ చెప్పి ఫోన్ కింద పెట్టాను. ఫ్రియాస్‌కి జట్టు రాసిచ్చింది ఈ మంగళవారం. బావ సీట్లు వదులుకున్నది దానికి ఐదు రోజుల ముందు. అప్పటికి ఈ నూట ముప్పై రెండు మిలియన్ల మాట ఈ ఊళ్లో పుట్టనే లేదు. నాలుగు రోజులుగా ఈ బల్ల దగ్గర గొంతులు చించుకుని అరిచిన వాదనంతా, చేసేసిన పనికి తర్వాత వెతుక్కున్న సాకు.

"బావా," అన్నాను. "ఆ రోజు ఎనిమిదో ఇన్నింగ్స్‌లో నువ్వెక్కడున్నావు?"

బావ రొట్టె ముక్కని వేళ్ల మధ్య నలుపుతూ కూర్చున్నాడు.

"చెప్పెయ్ కాజ్," అన్నాడు లియాన్. "నేనింక మొయ్యలేను."

అప్పుడు బావ చెప్పాడు. ఆరో ఇన్నింగ్స్‌లో బీఫ్ సాండ్‌విచ్‌లు తేవడానికి పైకెళ్లాడు. మా వరస నుంచి పైకి ముప్పై ఒక్క మెట్లు. ఇరవయ్యో మెట్టు దగ్గర గుండె మీద ఎవరో కూర్చున్నట్టయింది. పైకి చేరేసరికి కళ్లు చీకట్లు కమ్మాయి. స్టేడియంవాళ్లు ప్రథమ చికిత్స గదిలో పడుకోబెట్టారు. వెతుక్కుంటూ వెళ్లిన లియాన్‌ని చెయ్యి పట్టుకుని, 'బెర్నీస్‌కి చెప్పావంటే నీకూ నాకూ చెల్లు' అన్నాడట. లియాన్ తిరిగొచ్చి, డిపో వాళ్లతో ఉన్నాడని నాకు చెప్పాడు. నేను నమ్మి, ఎనిమిదో ఇన్నింగ్స్‌లో రెండు బాణాలు గీసుకున్నాను.

"ఆ గదికి కిటికీ లేదు," అన్నాడు బావ. "గోడ అవతల ముప్పై వేల మంది ఒక్కసారి ఉసూరుమనడం వినబడింది. ఏం జరిగిందో తెలీదు. నా జన్మలో మన ఆట ఒకటి జరుగుతుంటే, స్టేడియంలోనే ఉండి, ఏం జరిగిందో తెలీకుండా పడుకోవడం అదే మొదటిసారి."

"డాక్టరు ఏమన్నాడు?"

"గుండెలో కవాటం పాడైందట. ఛాతీ తెరిచి కొత్తది వెయ్యాలట. సోమవారం ఖాళీ ఉంది, ఔనో కాదో శుక్రవారం ఐదులోపు చెప్పమన్నారు."

"శుక్రవారమంటే ఇవాళ."

"ఔను."

"ఏం చెప్పబోతున్నావు?"

"నాకు డెబ్బై రెండు, మరదలా." ఆయన నవ్వబోయాడు. "కొత్త కవాటం వేస్తే పదేళ్లు గ్యారంటీ అంటాడు ఆ డాక్టరు. డెబ్బై రెండేళ్లవాడికి పదేళ్ల ఒప్పందం! ముప్పై ఒకటికి ఆరేళ్లిస్తేనే నేను ఒప్పుకోలేదు. ఆ మెట్లు ఎక్కలేను, సీట్లు వదిలేశాను, అయిపోయింది. వద్దని చెప్పేస్తాను."

నాకు భయం వేసింది. చిన్నప్పటి నుంచీ నాకు భయమేస్తే కోపంగానే బయటికొస్తుంది. అక్క పోయిన ఏడాది నేను ఊళ్లో సగం మందితో పోట్లాడాను. ఇప్పుడు మిగిలిన సగం మందితో పోట్లాడే ఓపిక నాకు లేదు. ఈ ఒక్కడితో మాత్రం ఉంది.

"ఆరేళ్లకి ఎందుకిచ్చారని పొద్దుట్నుంచీ అడుగుతున్నావు కదా. చెప్పనా?" అన్నాను. "ఆఖరి ఏళ్ల కోసం ఎవడూ ఇవ్వడు బావా. ముప్పై ఏడో ఏట ఫ్రియాస్ కుంటుతాడని జట్టుకి తెలియదా? తెలుసు. వాళ్లు కొన్నది వచ్చే ఏడాది, ఆ పై ఏడాది, ఆ పై ఏడాది. ఆ మూడేళ్లు మనిషి మైదానంలో ఉంటే చాలు, మిగతాది కొసరు. నీ పదేళ్లూ నాకొద్దు. నాక్కావలసింది వచ్చే ఏప్రిల్. మెట్లు ఎక్కలేకపోతే పై వరసలో కూర్చుందాం, స్తంభం వెనక కూర్చుందాం, నాకేం పోయింది? నా పక్కన కూర్చుని తప్పులు వాగడానికి నువ్వు కావాలి. అక్క నాకు మిగిల్చిపోయింది నిన్నొక్కడినే."

ఆఖరి మాట అనాలనుకోలేదు. అన్నాక వెనక్కి తీసుకోవాలనీ అనిపించలేదు.

"మంచి వాదనే," అన్నాడు బావ. "కానీ ఇది ఫ్రియాస్ ఛాతీ కాదు. నాది. నా ఇష్టం."

గడియారంలో నాలుగూ నలభై. బల్ల మీద బావ ఫోన్ మోగింది. ఆసుపత్రి పేరు తెర మీద వెలుగుతోంది. బావ చెయ్యి చాచాడు, నేనూ చాచాను, మధ్యలో గ్లాసు మళ్లీ పడింది. మా ఇద్దరి చేతుల మధ్య నుంచి లియాన్ ఫోన్ అందుకుని, లేచి రెండడుగులు వెనక్కి వేసి, చెవికి ఆనించుకున్నాడు.

"ఔనమ్మా," అన్నాడు, మా బావ గొంతుతో, మా బావ దగ్గుతో సహా. "కాజిమిర్ దుదెక్‌నే మాట్లాడుతున్నాను. సోమవారం వస్తున్నాను."